సంతకానికి ముందే జవాబుదారీ
(వెల్దుర్తిలో ముస్లిం యువకులు, కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)





నేటి మన విషయం ప్రమాదకర వ్యర్థాలను తొలగించే పనుల్లో గుత్తేదారు మీద పడే బాధ్యత. పత్తి, మిరప పండించుకొని బతికే వెల్దుర్తి మండలంలో ఈ ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉన్నది. సేద్యం కలిసిరాని ఏడాది మన పిల్లలు ఊళ్లో నిలవడం లేదు. మాచర్లకు, పిడుగురాళ్లకు, గుంటూరుకు, హైదరాబాదుకు వెళుతున్నారు. అక్కడ వారికి సులువుగా దొరికే పనులు ఏవి? పాత ఇనుము కొనడం, ఖాళీ డ్రమ్ములు ఎత్తడం, మెకానిక్ షెడ్ల నుంచి వాడేసిన ఆయిలు సేకరించడం, పాత బ్యాటరీలు విప్పడం, మూతపడిన కర్మాగారాల్లో ట్యాంకులు కడగడం. నలుగురిని వెంటబెట్టుకొని వెళ్లగలిగినవాడు కొద్దికాలంలోనే చిన్న కాంట్రాక్టరు అవుతున్నాడు. అది సంతోషించవలసిన సంగతి. అయితే కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టిన క్షణం నుంచి అతడు కేవలం కూలివాడు కాడు, చట్టం ముందు నిలబడి జవాబు చెప్పవలసిన మనిషి.

జవాబుదారీ అనే ఈ మాట మన ఇళ్లలోని ఉర్దూ నుంచే తెలుగు కచేరీలలోకి వచ్చినది. జామీను, దస్తావేజు, వకాల్తా కూడా ఆ దారిన వచ్చినవే. మాటలు మన ఇంటివి. వాటి బరువు మాత్రం మనలో చాలామందికి నష్టం జరిగిన తరువాతనే తెలుస్తున్నది. ముందే తెలుసుకోవాలన్నదే నేటి మా మనవి.

మొదట ప్రమాదకర వ్యర్థం అంటే ఏమిటో చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 4న ప్రకటించిన నిబంధనలు దీనిని నిర్ణయిస్తాయి. కర్మాగారంలో మిగిలే రసాయనపు బురద, వాడేసిన ద్రావకాలు, ఆమ్లాలు, వాడిన యంత్రపు నూనె ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. మన పిల్లలు గమనించవలసినది మరొకటి ఉన్నది. ప్రమాదకర రసాయనాలు అంటిన ఖాళీ డ్రమ్ములు, పీపాలు, వాటి లోపలి సంచులు కూడా ప్రమాదకర వ్యర్థాలే. మనం ఖాళీ డ్రమ్ము అని బేరం చేసేది చట్టం లెక్కలో ఖాళీ కాదు.

ఈ సరుకు విషయంలో రెండు పొరపాటు నమ్మకాలు ప్రచారంలో ఉన్నాయి. కర్మాగార యజమాని, డబ్బు ఇచ్చి కాంట్రాక్టరుకు అప్పగించాను కాబట్టి నాకు సంబంధం లేదనుకుంటాడు. కాంట్రాక్టరు, లారీ ఎక్కించి పంపించాను కాబట్టి నాకు సంబంధం లేదనుకుంటాడు. 2016 నిబంధనలలోని 23వ నిబంధన ఇద్దరి నమ్మకాన్నీ తోసిపుచ్చుతుంది. వ్యర్థాన్ని పుట్టించినవారు, దానిని తమ ఆధీనంలో ఉంచుకున్నవారు, శుద్ధి లేదా పారవేత కేంద్రాన్ని నడిపినవారు, సరిగా చూడనందువల్ల పర్యావరణానికి గానీ మూడో వ్యక్తికి గానీ కలిగిన నష్టానికి బాధ్యులని అది చెబుతుంది. సరుకు చేతులు మారవచ్చు. బాధ్యత మాత్రం దాటిపోదు, గొలుసులా పెరుగుతూ పోతుంది.

ఈ గొలుసు ఎంత పొడవు సాగగలదో తెలియాలంటే భోపాల్‌ను చూడాలి. ఆ కథ చివరి అంకంలో పని చేపట్టినది మన హైదరాబాదు కేంద్రంగా నడిచే సంస్థ కావడం వల్ల కూడా అది మనకు దూరపు కథ కాదు.

1984 డిసెంబరు 2, 3 తేదీల నడుమ రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ వాయువు వెలువడి వేలమందిని బలిగొన్నది. పాత భోపాల్ పేద వాడల్లో ముస్లింలూ హిందువులూ కలిసి ఊపిరాడక పోయారు. ఆ రాత్రి గురించి అందరికీ తెలుసు. ఆ కర్మాగారం ఆవరణలో అంతకుముందే పేరుకుపోయిన వ్యర్థాల గురించి తెలిసినవారు తక్కువ. 1989లో 47 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. 1994లో కార్బైడ్ తన భారతీయ సంస్థలోని వాటాలు అమ్ముకున్నది. 1998లో కర్మాగారపు భూమి మధ్యప్రదేశ్ ప్రభుత్వానికి తిరిగి వచ్చింది. 2001లో కార్బైడ్‌ను కొన్న డౌ కెమికల్, పాత బాధ్యతలు తనవి కావన్నది. యజమానులు ఒకరి తరువాత ఒకరు తప్పుకున్నారు. విషం మాత్రం మట్టిలో, బావులలో ఉండిపోయింది.

దానిని తొలగించాలంటూ 2004లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఇరవై ఏళ్లు సాగింది. గుజరాత్‌లోని అంకలేశ్వర్‌కు పంపాలన్న ఆలోచన ఫలించలేదు. 2012లో జర్మనీకి పంపాలన్న ఆలోచన అక్కడి ప్రజల వ్యతిరేకతతో ఆగిపోయింది. 2015లో పది టన్నులు పీథంపూర్‌లో పరీక్షగా కాల్చారు. చివరకు 2024 డిసెంబరు 3న మధ్యప్రదేశ్ హైకోర్టు ఇక జాప్యం చేయవద్దని ఆదేశించింది. 2025 జనవరి 1 రాత్రి పన్నెండు కంటైనర్లలో 337 టన్నుల వ్యర్థం భోపాల్ నుంచి పీథంపూర్‌కు బయలుదేరింది. అక్కడి దహన కేంద్రాన్ని నడిపేది ఒకప్పుడు రాంకీ ఎన్విరో ఇంజనీర్స్ అనే పేరుతో ఉండి, ఇప్పుడు రీ సస్టెయినబిలిటీగా పిలవబడుతున్న హైదరాబాదు సంస్థ. ఈ పనికి కేటాయించిన మొత్తం 126 కోట్ల రూపాయలు. టన్నుకు లెక్కిస్తే సుమారు 37 లక్షలు. ఆ డబ్బు కలుషితం చేసినవారి జేబు నుంచి రాలేదు, ప్రభుత్వ ఖజానా నుంచి వచ్చింది.

పీథంపూర్ ప్రజలు భయపడ్డారు. జనవరి 3న బంద్ జరిగింది. ఇద్దరు ఒంటికి నిప్పంటించుకొని గాయపడ్డారు. ఆ తరువాత మూడు విడతల పరీక్షలు జరిపి, ఉద్గారాలు పరిమితుల లోపలే ఉన్నాయని కాలుష్య నియంత్రణ మండలి చెప్పిన మీదట, మిగిలినదంతా 2025 జూన్ నెలాఖరుకు కాల్చివేశారు. సున్నం వంటివి కలిపి కాల్చడం వల్ల మిగిలిన బూడిద, అవశేషాల బరువు అసలు వ్యర్థం కన్నా ఎక్కువైంది. ఇప్పుడు ఆ బూడిదకు జవాబుదారీ ఎవరిది అన్న ప్రశ్న మొదలైంది. పైగా ఇది మొత్తంలో చిన్న భాగమే. నాగపూర్‌లోని నీరి, హైదరాబాదులోని ఎన్‌జీఆర్‌ఐ కలిసి జరిపిన అధ్యయనం ప్రకారం, 2010 నాటి అంచనాలో ఆ స్థలంలో కలుషితమైన మట్టి సుమారు 11 లక్షల టన్నులు.

సోదరులారా, ఈ కథలో మనం గుర్తుంచుకోవలసినవి రెండు. మొదటిది, భోపాల్‌లో ఆ వ్యర్థాన్ని సంచుల్లో నింపిన కార్మికులకు రక్షణ దుస్తులు ఇచ్చి, ఒక్కొక్కరిని అరగంట చొప్పున మాత్రమే పని చేయించారని వార్తలు వచ్చాయి. కంటైనర్ల వెంట పోలీసు వాహనాలు, అగ్నిమాపక యంత్రాలు, అంబులెన్సులు నడిచాయి. అంటే ఈ పని ఎలా చేయాలో ఈ దేశానికి తెలుసు. మన పిల్లవాడు చొక్కా విప్పి, ముఖానికి తువ్వాలు కట్టుకొని ట్యాంకులోకి దిగుతున్నాడంటే, తెలియక కాదు. అతడి ప్రాణానికి ఎవరూ లెక్క చెప్పనవసరం లేదన్న ధీమాతో. రెండవది, భూమి చేతులు మారేటప్పుడు, పని అప్పగించేటప్పుడు, అక్కడ అప్పటికే ఏమున్నదో నిష్కర్షగా రాయించుకోవాలి. యజమానులు తప్పుకున్న చోట ప్రజలు ఖరీదు చెల్లించారు.

బాధ్యత విషయంలో న్యాయస్థానాల మాట ఎప్పటి నుంచో స్పష్టంగా ఉన్నది. ఢిల్లీలో ఓలియం వాయువు లీకైన కేసులో 1986 డిసెంబరు 20న సుప్రీంకోర్టు సంపూర్ణ బాధ్యత అనే సూత్రాన్ని చెప్పింది. ప్రమాదకరమైన పని చేసే సంస్థ, తన అజాగ్రత్త ఉన్నదా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా, కలిగిన హానికి పరిహారం చెల్లించాలి. ఆ కర్తవ్యాన్ని ఇంకొకరికి అప్పగించి తప్పించుకోవడానికి వీలులేదు. రాజస్థాన్‌లోని బిచ్ఛిడీ గ్రామపు కేసులో 1996లో అదే కోర్టు, కలుషితమైన నేలనూ నీటినీ బాగుచేసే ఖర్చు కూడా కలుషితం చేసినవారే భరించాలన్నది. 2020 మే 7న మన విశాఖపట్నంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండు మంది మరణించినప్పుడు, జాతీయ హరిత ట్రైబ్యునల్ మరుసటి రోజే 50 కోట్లు జమ చేయమని ఆదేశించింది. ఆ ప్రాంతంలో నిల్వ ఉన్న సుమారు 13,000 టన్నుల స్టైరీన్‌ను ఓడలలో దక్షిణ కొరియాకు తిరిగి పంపించారు.

ఈ తీర్పులు పెద్ద సంస్థలకే అనుకోవద్దు. 1996 ఆగస్టు 28న వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో సుప్రీంకోర్టు ఒక్కొక్క టానరీపై పదివేల రూపాయల జరిమానా విధించింది. వాణియంబాడి, ఆంబూరు ప్రాంతాల ఆ పరిశ్రమలో ముస్లిం యాజమాన్యాలు ఎన్నో ఉన్నాయని మీకు తెలుసు. పాలారు నీరు పాడైనప్పుడు ఆ నీరు తాగినవారిలోనూ మనవారు ఉన్నారు. హక్కులు అడిగేవారు తమ చేతిలోని పనికి జవాబు చెప్పడానికి కూడా సిద్ధంగా ఉండాలి. ఎవరికీ హాని చేయరాదు, హానికి హానితో బదులు చెప్పరాదు అన్నది మన ధర్మశాస్త్రంలో మూల సూత్రాలలో ఒకటి కదా!

చిన్న వ్యాపారి ఎలా చిక్కుకుంటాడో చెప్పడానికి మరో ఉదాహరణ చాలు. ఢిల్లీ విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్ర విభాగంలో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న ఒక యంత్రాన్ని 2010 ఫిబ్రవరిలో పాత ఇనుము కింద వేలం వేశారు. దానిలో కోబాల్ట్-60 అనే అణుధార్మిక పదార్థం ఉన్నది. మాయాపురి పాత ఇనుప బజారులో దానిని విప్పారు. ఏప్రిల్‌లో ఒక కార్మికుడు మరణించాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అణుధార్మిక పదార్థాలకు వేరే చట్టం ఉన్నది, 2016 నిబంధనలు వాటికి వర్తించవు. అయినా పాఠం ఒక్కటే. అమ్మినది విశ్వవిద్యాలయం, చేతులు కాల్చుకున్నది కూలి కోసం విప్పినవారు. లోపల ఏమున్నదో చెప్పవలసిన బాధ్యత అమ్మినవారిది. అడగవలసిన అవసరం మాత్రం కొన్నవారిది.

ఇక కాగితాల విషయానికి వద్దాం. ప్రభుత్వ కార్యాలయాల్లో ఒప్పంద పత్రాలు, టెండరు ఫైళ్లు చూస్తూ గడిపినవారం కాబట్టి ఈ ఒక్క విషయంలో మేము కొంత ధైర్యంగా చెప్పగలం. బయటి ప్రపంచం ముందు యజమాని, కాంట్రాక్టరు ఇద్దరూ బాధ్యులే. ఆ ఇద్దరి నడుమ ఎవరు ఎంత భరించాలన్నది మాత్రం కాగితం నిర్ణయిస్తుంది. అందుకే పెద్ద సంస్థలు తమ మీద పడబోయే భారాన్ని ఆ కాగితంలోని ఒక్క వాక్యంతో చిన్నవాడి మీదికి నెట్టగలుగుతాయి.

కొంతకాలం క్రితం ఈ ప్రాంతపు యువకుడు ఒకరు మా దగ్గరకు రెండు పేజీల ఇంగ్లీషు కాగితం తెచ్చారు. మూతపడిన ఒక కర్మాగారంలో మూడు ట్యాంకులు కడిగి, అడుగున మిగిలిన మడ్డిని తీసివేయాలి. కూలి డబ్బుతో పాటు ఖాళీ డ్రమ్ములు అతడికే వదిలివేస్తారు. డ్రమ్ములు అమ్ముకుంటే మంచి లాభమని అతడి ఆశ. మేము చదివి తెలుగులో చెప్పాం. ఆ పని వల్ల ఎప్పుడైనా, ఎవరికైనా, ఏ విధమైన నష్టం కలిగినా రెండవ పక్షమే భరించాలని అందులో ఉన్నది. రెండవ పక్షం అంటే ఆ యువకుడు. మడ్డిలో ఏమున్నదో ఎక్కడా లేదు. అది ఎక్కడికి పోవాలో లేదు. డ్రమ్ముల రూపంలో ఇస్తున్నది బహుమానం కాదు, వదిలించుకోవడానికి వారికే ఖర్చయ్యే ప్రమాదకర వ్యర్థం. మడ్డిని పరీక్షించిన నివేదిక ఇమ్మని అతడు అడిగాడు. ఇవ్వలేదు. అతడు పని వదులుకున్నాడు. ఆ నెల అతడి ఇంట్లో ఇబ్బంది పడ్డారు. ఆ పనిని మరొకరు తీసుకున్నారు. ఇది మనం దాచవలసిన నిజం కాదు. ఒక్కడు అడిగితే పని పోతుంది, అందరూ అడిగితేనే కాగితం మారుతుంది. అందుకే ఈ మాట ఇంత మంది ముందు చెబుతున్నాం.

సంతకానికి ముందు అడగవలసినవి ఆరు ప్రశ్నలు. వీటిని రాసుకొనవలసిందిగా కోరుతున్నాం.

మొదటిది, ఇది ఎవరి సరుకు, ఇందులో ఏమున్నది? వ్యర్థాన్ని పుట్టించినవారు దాని స్వభావాన్ని తెలిపే పరీక్షా నివేదిక, రసాయనపు భద్రతా వివరాలు ఇవ్వాలి. పీపా మీద చీటీ ఉండాలి. తెలియదన్న జవాబు వస్తే, అది అత్యంత ప్రమాదకరమని లెక్కించి వెనక్కి రండి.

రెండవది, అనుమతి ఎవరి పేరున ఉన్నది? ప్రమాదకర వ్యర్థాన్ని సేకరించాలన్నా, నిల్వ చేయాలన్నా, శుద్ధి చేయాలన్నా కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అధీకృత పత్రం ఉండాలి. యజమాని దగ్గర ఉన్న పత్రం మీ గోదాముకు వర్తించదు. పత్రం లేకుండా మీ పెరట్లో పది డ్రమ్ములు పెట్టుకుంటే, ఆ పెరడే నేరస్థలం అవుతుంది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఇప్పుడు జరిమానా పదివేల నుంచి పదిహేను లక్షల రూపాయల వరకు ఉండవచ్చు.

మూడవది, ఇది ఎక్కడికి పోతుంది? సరుకుతో పాటు ఏడు ప్రతుల రవాణా పత్రం నడవాలి. దానిని సిద్ధం చేయవలసినది పంపేవారు. గమ్యం చేరిన సంతకం తిరిగి వచ్చే వరకు మీ ప్రతిని భద్రంగా ఉంచండి. మనకు సాగర్ దాటితే తెలంగాణ. తుది పారవేతకు పొరుగు రాష్ట్రంలోని కేంద్రానికి పంపాలంటే రెండు రాష్ట్రాల మండళ్ల నిరభ్యంతర పత్రాలు పంపేవారు తీసుకోవాలి. రాత్రిపూట వాగులో గానీ క్వారీ గుంటలో గానీ ఒంపేసి రమ్మన్న మాట ఎవరు చెప్పినా, అది పని కాదు, నేరం.

నాలుగవది, మీరు అడుగు పెట్టే నాటికి అక్కడ ఏమున్నది? పని మొదలుపెట్టే ముందు తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి. మట్టి అప్పటికే నల్లబడి ఉంటే, ట్యాంకు అప్పటికే కారుతూ ఉంటే, ఆ సంగతి రాసి యజమాని ప్రతినిధి సంతకం తీసుకోండి. మునుపటి కాలుష్యానికి రెండవ పక్షం బాధ్యుడు కాడన్న వాక్యం ఒప్పందంలో ఉండాలి. భోపాల్ భూమి చేతులు మారిన తీరు గుర్తుంటే, ఈ వాక్యం విలువ తెలుస్తుంది.

అయిదవది, నష్టపూర్తి షరతు ఎంతవరకు? మీ పనివారి తప్పు వల్ల కలిగిన నష్టం వరకు ఒప్పుకోవడం న్యాయం. సకల నష్టాలకూ, కాలపరిమితి లేకుండా, మొత్తానికి హద్దు లేకుండా ఒప్పుకోవడం ఆత్మహత్యతో సమానం. లక్ష రూపాయల పనికి కోటి రూపాయల జామీను ఎవరైనా ఉంటారా? బీమా ఎవరు కట్టారో కూడా అడగండి. 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టం ప్రకారం ప్రమాదకర పదార్థాలు నిర్వహించే యజమాని ముందుగా బీమా తీసుకోవాలి. అయితే అది బయటి ప్రజల కోసం, కార్మికుడికి వర్తించదు. కార్మికుడి బీమా వేరుగా ఉండాలి.

ఆరవది, పని పూర్తయినట్లు ఎవరు రాసిస్తారు? డబ్బు చేతికి వచ్చినంత మాత్రాన పని ముగియదు. ముగింపు ధ్రువపత్రం, రవాణా పత్రాల ప్రతులు, ఫొటోలు, కూలి చెల్లింపు రశీదులు ఒక ఫైలులో ఉంచండి. పరిహారం, పునరుద్ధరణ కోరుతూ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి కారణం ఏర్పడిన నాటి నుంచి అయిదేళ్ల గడువు ఉంటుంది. కనీసం అంతకాలం దాటే వరకు ఆ ఫైలు పెట్టెలో ఉండాలి.

ఇదంతా కాగితాల పిచ్చి అని నవ్వే యువకులు ఉంటారు. వారికి ఒక మాట గుర్తుచేస్తాం. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు సూరె బఖరాలో ఉన్నది. అది అప్పు లావాదేవీలను రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని చెప్పే ఆయతు. అప్పుకే అంత జాగ్రత్త చెప్పిన ధర్మం, ప్రాణాలతో ముడిపడిన ఒప్పందం దగ్గర నిర్లక్ష్యాన్ని అంగీకరిస్తుందా?

ఇప్పుడు కాంట్రాక్టరు కింద పనిచేసేవారి మాట. చిన్న కాంట్రాక్టరు తన పైవాడి ముందు బలహీనుడు, తన కిందివాడి ముందు యజమాని. పైవాడు తనకు చేసినదే తాను కిందివాడికి చేస్తే, అన్యాయం గురించి మాట్లాడే అర్హత పోతుంది. మూసి ఉన్న ట్యాంకులోకి గాలి పరీక్షించకుండా, తాడు కట్టకుండా, బయట మనిషిని నిలబెట్టకుండా ఎవరినీ దించరాదు. ఒకడు లోపల పడిపోతే, రక్షించబోయి రెండవవాడు, మూడవవాడు చనిపోయిన వార్తలు మనం తరచూ చదువుతున్నాం.

ప్రమాదం జరిగితే పరిహారం ఎవరిస్తారు? కాంట్రాక్టరు ద్వారా చేయించుకున్నా, ఆ పని తన వ్యాపారంలో భాగమైనప్పుడు, అసలు యజమాని కార్మికుడికి పరిహారం చెల్లించి కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చునన్నది 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం స్థిరపరచిన సూత్రం. ఈ ట్యాంకు కడగడం మా వ్యాపారంలో భాగం కాదని యజమాని వాదించే అవకాశం ఉన్నది. కనుక పని స్వభావం ఒప్పందంలో స్పష్టంగా రాయించాలి. ప్రమాదం తరువాత కొద్ది డబ్బు చేతిలో పెట్టి, ఇక మాకు ఏ హక్కూ లేదని వేలిముద్ర వేయించుకుంటారు. పరిహారపు హక్కును వదులుకుంటున్నట్లు రాసిన అటువంటి కాగితం చెల్లదన్నది కూడా ఆ చట్టం స్థిరపరచిన సూత్రమే. తల్లులారా, ఈ మాట మీరు ముఖ్యంగా గుర్తుంచుకోండి. వేలిముద్ర వేసినా హక్కు పోదు.

మరొక మాట కూడా తల్లులకే. కొడుకు, భర్త పనికి వెళ్లేటప్పుడు అన్నం మూట ఇస్తూనే మూడు సంగతులు అడిగి రాసుకోండి. ఏ కర్మాగారం, ఏ ఊరు, ఎవరు పిలిచారు? ప్రమాదం జరిగిన నాడు కాంట్రాక్టరు ఫోను మోగదు, కర్మాగారపు గేటు తెరుచుకోదు. ఆ మూడు సంగతులు తెలియక కేసు పెట్టలేని కుటుంబాలు ఉన్నాయి. న్యాయ సేవల చట్టం, 1987 ప్రకారం మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు, పారిశ్రామిక విపత్తు బాధితులకు ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉన్నది. మండల న్యాయ సేవల కమిటీకి దరఖాస్తు ఇవ్వండి.

భోపాల్‌లో ఈ పోరాటాన్ని నలభై ఏళ్లు నిలబెట్టినవారిలో ముందు నిలిచినది మహిళలే. రషీదా బీ, చంపాదేవి శుక్లా ఇద్దరూ సాధారణ కార్మికులు. ఒకరు ముస్లిం, మరొకరు హిందువు. 2004లో వారికి కలిపి గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం లభించింది. బాధిత మహిళల సంఘాన్ని నడిపిన అబ్దుల్ జబ్బార్ 2019లో మరణించారు. మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. వారెవరూ న్యాయవాదులు కారు. అడగడం ఆపనివారు, అంతే.

ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి కూడా ఉన్నాయి. కలుషిత స్థలాల నిర్వహణపై కేంద్రం 2025 జూలైలో కొత్త నిబంధనలు ప్రకటించింది. అనుమానిత స్థలాల వివరాలను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకు ఒకసారి నివేదించాలి. కాలుష్య నియంత్రణ మండలి పరీక్షలు జరిపించి, కలుషితం చేసినవారిని గుర్తించి, శుద్ధి ఖర్చు వారి చేత పెట్టించాలి. గనుల కాలుష్యం, అణుధార్మిక వ్యర్థాలు, ఊరి చెత్త కుప్పలు దీని పరిధిలోకి రావు. పల్నాడులో సిమెంటు కర్మాగారాలు, సున్నపు బట్టీలు, పాత గోదాములు ఉన్నాయి. మన జిల్లా నివేదికలో ఏ స్థలాలు ఉన్నాయో ప్రకటించమని సమాచార హక్కు కింద అడుగుదాం. సిమెంటు బట్టీలలో ప్రమాదకర వ్యర్థాలను ఇంధనంగా కాల్చడానికి 2016 నిబంధనలు అనుమతితో వీలు కల్పించాయి. ఆ అనుమతులు ఎవరికి, ఎంత పరిమాణానికి ఉన్నాయో తెలుసుకొనే హక్కు చుట్టుపక్కల ఊళ్లకు ఉన్నది.

మైనారిటీ ఆర్థిక సంస్థ స్వయం ఉపాధి రుణాల గురించి మనం ఎన్నోసార్లు వినతులు ఇచ్చాం. ఇకపై పాత ఇనుము, వ్యర్థాల రంగంలో ఉన్న యువకులకు శిక్షణ, రక్షణ పరికరాలు, బీమా కూడా ఆ రుణంలో భాగం కావాలని అడగాలి. మైనారిటీ హక్కు అంటే ఉద్యోగాలలో వాటా, విద్యార్థి వేతనం మాత్రమే కాదు. దేశంలోని అతి మురికి, అతి ప్రమాదకరమైన పని ఎప్పుడూ దళితుల, ముస్లింల, గిరిజనుల చేతికే ఎందుకు వస్తున్నదని ప్రశ్నించడం కూడా హక్కే.

చివరగా, ఈ మసీదు కమిటీకి ఒక ప్రతిపాదన. చదువుకున్నవారు ముగ్గురు, వీలైతే ఒక న్యాయవాది కలిసి, వారానికి ఒకరోజు అస్ర్ నమాజు తరువాత ఇక్కడ కూర్చోవాలి. మతం అడగకుండా, ఊళ్లో ఎవరు ఒప్పంద కాగితం తెచ్చినా చదివి, తెలుగులో చెప్పి, ఆరు ప్రశ్నలు అడిగించి పంపాలి. మొదటి కాగితం చదవడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

కష్టపడి హలాల్ సంపాదన ఇంటికి తెచ్చే మన పిల్లలను అల్లాహ్ క్షేమంగా తిరిగి చేర్చుగాక. వారి చేతుల వల్ల ఏ ఊరి నీరూ, ఏ ఇంటి బిడ్డా చెడిపోకుండా కాపాడుగాక. ఆమీన్.